ఒకే రంధ్రం, మూడు ఆవాజులు

అబ్బాజాన్ మంచం పక్కన చిన్న స్పీకర్ల జత ఒకటి ఉంది. దానికి వెనక ఉన్నది ఒకటే ఆక్స్ రంధ్రం. ఆయన వినవలసినవి మూడు: టీవీ, రేడియో, రియాద్ నుంచి ఆపా పంపే వాయిస్ మెసేజీలు వచ్చే ఫోను. ఉత్త ఫోను ఆవాజు ఆయన చెవికి ఆనదు. ఒక పిన్ను పీకి ఇంకోటి పెట్టడం మనకు రెండు సెకన్ల పని, వణికే చేతులకు మాత్రం కాదు. మాటిమాటికీ మమ్మల్ని పిలవడానికి మొహమాటపడి, కూతురి మెసేజీలను సాయంత్రం దాకా అలాగే ఉంచేసేవారు.

ఈ మస్‌అలా చెబితే కోఠి గుజరాతీ గల్లీలో ఓ కుర్రాడు వై ఆకారపు తీగ చేతిలో పెట్టాడు. "బస్ భాయ్, ఏదైనా కలిపేయొచ్చు" అన్నాడు. కలపకూడదు. ఆ తీగ ఒక ఆవాజును ఇద్దరికి పంచడానికి బేషుగ్గా పనికొస్తుంది. రెండు ఆవాజులను ఒకచోటికి తేవడానికి కాదు. ఎందుకంటే, రేడియో మౌనంగా ఉన్నప్పుడు ఊరికే ఉందనుకుంటాం. ఉండదు. తన తీగను సున్నా వోల్టుల దగ్గర గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. మౌనం కూడా ఒక జిద్దే. అదే తీగను ఫోను పైకి నెట్టబోతే రెండూ పెనుగులాడతాయి. ఆవాజు బొంగురుపోతుంది, లేదా అసలు వినబడదు. పరికరాల మీదా భారం పడుతుంది.

దీనికి తరకీబు చాలా సాదా. ఒక్కో పరికరం నుంచి వచ్చే తీగకు ఒక రెసిస్టర్ అడ్డం పెట్టి, ఆ తర్వాతే అన్నిటినీ కలపాలి. ఉర్దూ మీడియం బడిలో దీన్ని మాకు ముజాహమత్ అని చెప్పారు. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నాను, సైన్సు అక్కడితో ఖతం. కానీ పత్రికలో చేరాక ఉర్దూ అఖ్బారుల్లో అదే మాట ప్రజల ప్రతిఘటనకు కనిపిస్తుంటే, ఓమ్ గారి సూత్రం గుర్తొచ్చి నవ్వు వచ్చేది.

నేను పెట్టినవి 1000 ఓములవి: గోధుమ, నలుపు, ఎరుపు పట్టీలు. ఎడమ తీగలకు మూడు, కుడి తీగలకు మూడు, మొత్తం ఆరు. ఎడమవన్నీ ఒక ముడి, కుడివన్నీ ఇంకో ముడి. గ్రౌండు తీగలు మాత్రం ఏ అడ్డూ లేకుండా నేరుగా కలిసిపోతాయి. బ్యాటరీ లేదు, కరెంటు లేదు, నొక్కాల్సిన బటను లేదు. అబ్బాజాన్‌కి కావలసింది ఆ చివరిదే. అన్నిటినీ రేకు డబ్బాలో పెట్టి, డబ్బాను కూడా గ్రౌండుకు కలిపాను. చుట్టుపక్కల కరెంటు గుయ్‌మనేది అందువల్ల తగ్గుతుంది.

ఖర్చు మరో రూపంలో ఉంటుంది. మూడు పరికరాలు కలిస్తే ఒక్కోదాని ఆవాజు వోల్టేజీలో మూడో వంతుకు, అంటే దాదాపు 9.5 డెసిబెల్లు పడిపోతుంది. రెండే ఉంటే సగం. మిగతావి మౌనంగా ఉన్నా సరే, తగిలించి, ఆన్‌లో ఉన్నంతసేపూ ఈ కోత తప్పదు. స్పీకరు గుండీ కాస్త ఎక్కువ తిప్పితే సరిపోతుంది. కానీ ఈ డబ్బాకు నేరుగా ఇయర్‌ఫోన్ పెడితే దాదాపు ఏమీ వినబడదు. వాటికి కావలసిన కరెంటును రెసిస్టర్లు రానివ్వవు. సొంత ఆంప్లిఫయర్ ఉన్న స్పీకరే కావాలి. ఇక పెద్ద ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్లకు వెళ్లే తీగలను ఇందులో కలపాలన్న ఖయాల్ కూడా రానివ్వకండి. ఇది ఇయర్‌ఫోన్ రంధ్రాల కోసం చేసింది.

ఫోను ఛార్జింగులో ఉంటే సన్నగా ఝుమ్మని వస్తోంది. ఛార్జరూ స్పీకరూ రెండూ గోడ కరెంటు మీదే ఉండటం దానికి కారణం. తీగ మధ్యలో చిన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే పోతుంది. అబ్బాజాన్ అది వద్దన్నారు. ఛార్జింగు రాత్రి పూట పెట్టుకుంటారట. ఇప్పుడు ఆపా మెసేజీలు వచ్చిన వెంటనే వింటున్నారు, టీవీలో వార్తలు నడుస్తుండగానే, రెండూ కలిపి. వంటింట్లో ఉన్న అమ్మీకి మాత్రం ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అర్థం కావడం లేదు.