కొత్త గొంతు వినరూ

1966లో బాలుగారు తొలిపాట పాడేనాటికి తెలుగు పాటంటే ఘంటసాల మాస్టారే. అయినా సంగీత దర్శకుడు కోదండపాణిగారు ఆ కుర్రాణ్ణి నమ్మి కొత్త పాట చేతిలో పెట్టారు. ఇప్పుడు టీవీ పోటీల్లోనూ పెళ్లి కచేరీల్లోనూ పిల్లల్ని మనం అడిగేవన్నీ పాతవే. ప్రాణం పెట్టి పాడితే "అచ్చం బాలుగారే!" అంటాం. ఆ పిల్లాడి గొంతు ఎలా ఉందో ఎవరూ చెప్పరు. నాకది బాధగా ఉంటుంది. మాస్టారి పద్యాలు వినందే నాకూ పొద్దుగడవదు, అది వేరే సంగతి. 'నాటు నాటు'కు 2023లో ఆస్కార్ వచ్చాకే మా బంధువుల్లో చాలామంది ఆ పాట పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవల పేర్లు అడిగారు. మీ ఊళ్లో సొంతంగా బాణీ కట్టి పాడేవాళ్లుంటే కామెంట్లో చెప్పండి. ఈ రాత్రికే వింటాను.