వంపు పాళీ కలంతో నాయనమ్మకు ఉత్తరం

ఆ కలాన్ని మొదటిసారి చూసినవారెవరైనా, అది మూత లేకుండా క్రింద పడి పాళీ వంగిపోయిందనే అనుకుంటారు. మా అమ్మాయీ అలాగే అనుకొంది. కౌలాలంపూరులో మా పొరుగున ఉండే చైనా సంతతి పెద్దాయన ఒకరు ఉపాధ్యాయవృత్తి నుండి విశ్రాంతి పొందారు. చైనా నూతన సంవత్సరానికి ఆయన ఆ కలంతో శుభాకాంక్షలు వ్రాస్తుంటే చూసి, "అంకుల్, మీ పెన్ను పాడైపోయింది" అని జాలిపడింది. ఆయన నవ్వి కాగితంపై ఒక గీత గీశారు. అది వెదురాకులాగా సన్నగా మొదలై, నడుమ వెడల్పై, మళ్ళీ సూదిమొనలా ముగిసింది. ఆయన కలాన్ని నొక్కలేదు, మరొక కలం తీసుకోనూ లేదు. చేతిని కొంచెం వాల్చి, మళ్ళీ లేపారు, అంతే.

చైనాలో ఈ కలాన్ని "మెయ్‌గుంగ్ పి" అంటారు. కళాపనికి వాడే కలమని స్థూలార్థం. జపానులో 1911లో హిరోషిమా ప్రాంతపు కురే పట్టణంలో మొదలైన సెయిలర్ సంస్థ ఇటువంటి కలాలను "ఫుదె దె మన్నెన్" పేరుతో అమ్ముతుంది. "ఫుదె" అంటే కుంచె. అసలు జపాను భాషలో ఫౌంటెన్ పెన్ను పేరే "మన్నెన్‌హిత్సు", అనగా పదివేల యేండ్ల కుంచె. శతాబ్దాల తరబడి కుంచెతో వ్రాసిన జాతులు లోహపు పాళీని చేతబట్టినా, ఆ కుంచె పోకడను వదులుకోలేదు. పాళీ కొసను పైకి వంచి, ఇనుముకు కూడా కుంచె నడక నేర్పారు.

దాని పనితీరు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మామూలు పాళీ కొసన చిన్న గుండ్రని బొడిపె ఉంటుంది. దానిని ఎటు త్రిప్పినా గీత ఒకే మందంలో పడుతుంది. వంపు పాళీలో కొస పైకి వంగి ఉంటుంది గనుక, కలాన్ని వాల్చినప్పుడు ఆ వంగిన భాగమంతా కాగితానికి ఆనుకొని గీత వెడల్పుగా పడుతుంది. కలాన్ని నిలబెడితే మొన మాత్రమే తాకి గీత సన్నబడుతుంది. పాళీని తిరగేసి పట్టుకుంటే వెంట్రుకవాసి గీత కూడా వస్తుంది. సెయిలర్ వారి కలాలలో 40 డిగ్రీల వంపు ఒకటి, 55 డిగ్రీల వంపు మరొకటి ఉన్నాయి. వంపు ఎన్ని డిగ్రీలో, దాదాపు అంత కోణంలో కలాన్ని పట్టుకున్నప్పుడే వంగిన భాగం పూర్తిగా కాగితం మీద పరుచుకుంటుంది. కాబట్టి 40 డిగ్రీల దానిని ఎక్కువ వాల్చాలి. మా ఇంట్లోని చవక కలంతో గీత గీసి స్కేలుతో కొలిచాను. వాల్చినప్పుడు 2 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, నిలబెట్టినప్పుడు అర మిల్లీమీటరు ఉన్నది.

ఈ కొలతలతో నాకేమి పని అని అడుగుతారేమో. మా అమ్మ రాజమహేంద్రవరంలో ఉంటుంది. కొంతకాలంగా ఆమె చూపు మందగించింది. శస్త్రచికిత్సతో తిరిగి వచ్చే చూపు కాదని వైద్యులు చెప్పారు. ప్రతి ఆదివారం వీడియోలో మాట్లాడుకుంటాము. అయినా ఆమెకు తృప్తి లేదు. "ఫోనులో మాట గాలికి పోతుందిరా. ఉత్తరమైతే దిండు క్రింద ఉంటుంది" అంటుంది. మనుమరాలు తెలుగులో ఉత్తరం వ్రాయాలి, దానిని తాను ఎవరి సాయమూ లేకుండా చదువుకోవాలి. ఆమె కోరిక అది ఒక్కటే.

మా అమ్మాయికి 11 యేండ్లు. గుడిలో ఆదివారం తెలుగు తరగతికి వెళుతుంది. అక్షరాలన్నీ వచ్చు. మొదటి ఉత్తరం బాల్ పెన్నుతో వ్రాసింది. నాయనమ్మకు అవి కాగితం మీద చీమల బారులాగా కనిపించాయట. పక్కవాటాలో అద్దెకున్న పిల్ల చదివి వినిపించింది. రెండవసారి లావుపాటి మార్కరుతో వ్రాయించాము. ఈసారి అక్షరాలు కనిపించాయి గాని, అవి ఏ అక్షరాలో తెలియలేదు. "నిన్న తరగతిలో కథ చెప్పాను" అని పిల్ల వ్రాస్తే, ఆమె "కద చెప్పాను" అని చదివింది. ఫోనులో, "కద ఏమిటే అమ్మడూ? కదా అనబోయి దీర్ఘం మరిచావా?" అని అడిగింది. పిల్ల వ్రాసినది సరిగానే ఉంది. మార్కరు గీత లావుకు "థ" పొట్టలోని చుక్క పూడిపోయింది, క్రింది గీత అక్షరంలో కలిసిపోయింది.

మన లిపిలోని చిక్కు ఇక్కడే ఉంది. తెలుగు అక్షరాలలో చాలా వాటి మధ్య తేడా ఒక చిన్న గుర్తు మాత్రమే. ద, ధ, థ ఒక కుటుంబం. ప, ఫ, ష మరొకటి. బ, భ, డ, ఢ, చ, ఛ చూడండి. క్రింద ఒక చిన్న గీత ఉంటే ఒక అక్షరం, లేకుంటే మరొకటి. చూపు తగ్గినవారికి అక్షరం ఒడలు లావుగా ఉండాలి. కాని ఆ అక్షరాన్ని గుర్తుపట్టించే చుక్క, గీత, పొల్లు, ఒత్తు సన్నగా, విడిగా నిలవాలి. అంతా సన్నమైతే కనబడదు, అంతా లావైతే పూడిపోతుంది. ఒకే కలంతో ఈ రెండూ జరగాలి. పొరుగింటి పెద్దాయన గీసిన వెదురాకు నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది.

మన లిపికి లావు సన్నాలు పుట్టుకతో వచ్చినవి కావు. తాటాకు మీద గంటంతో గీసిన గాటులో మసి పూస్తే అక్షరం తేలేది. గంటం గీత మొదటి నుండి చివరి వరకు ఒకటే సన్నం. ఈనెల వెంబడి నిటారుగా గీస్తే ఆకు చీలుతుందనీ, అందుకే మన అక్షరాలు గుండ్రబడ్డాయనీ పెద్దలు చెబుతారు. కాగితమూ సిరా వచ్చిన తరువాత మన అక్షరం ఒళ్ళు చేసింది. లావు సన్నాల పొందిక ఎంత అందంగా ఉంటుందో బాపుగారి దస్తూరి చూసిన ప్రతి తెలుగువానికీ తెలుసు. ఆ దస్తూరి తరువాత కంప్యూటరు లిపిగా కూడా వచ్చింది.

ఇక మా ఊరి సంగతి చెప్పకపోతే అమ్మ నొచ్చుకుంటుంది. కలాలకు రాజమహేంద్రవరం పెట్టింది పేరు. కె.వి. రత్నంగారు స్వదేశీ కలం చేయాలన్న పట్టుదలతో 1932లో అక్కడ రత్నం పెన్నులు మొదలుపెట్టారు. గాంధీగారు ఆ కలంతో వ్రాసి చూసి, బాగున్నదని 1935లో ఆయనకు ఉత్తరం వ్రాశారు. మా నాన్నగారి నల్లని ఎబొనైట్ కలం కూడా ఆ ఊరిదే. నా చిన్నతనంలో ఆదివారం ఉదయం దాని మర విప్పి, గోరువెచ్చని నీటితో కడిగి, ఆరబెట్టి, ఫిల్లరుతో సిరా పోసేవారు. ఇప్పుడది అమ్మ దగ్గర ఉన్నది. దాని పాళీ గుండ్రని మొన గలది. నాన్నగారి అక్షరాలు ముత్యాలే గాని, అన్నీ ఒకే లావు ముత్యాలు. ఇప్పుడు అమ్మ వాటిని చదవలేదు. వ్రేలితో తడిమి, ఇది ఫలానా ఉత్తరమని చెబుతుంది.

గీతలో లావు సన్నాలు తెచ్చే పాళీలు వేరేవి కూడా ఉన్నాయి. ఒత్తిడికి చీలిక విచ్చుకొని గీత వెడల్పయ్యే పాళీ ఒకటి. దానిని క్రిందికి లాగేటప్పుడు నొక్కవచ్చు గాని, పైకి తోసేటప్పుడు నొక్కితే కాగితంలో గుచ్చుకుంటుంది. మన గుండ్రని అక్షరాలలో సగం ప్రయాణం పైకే కనుక, పిల్లల చేతికి అది తగదు. ఉలిలాగా బల్లపరుపు కొస గల పాళీ మరొకటి. ఇంగ్లీషుకు అది ఎంతో అందం. కాని అందులో లావు సన్నాలను గీత వెళ్ళే దిక్కు నిర్ణయిస్తుంది. చుక్క సన్నగా పడాలని మనం కోరుకున్నా అది వినదు. వంపు పాళీ మాత్రం చేతి మాట వింటుంది. అందుకే నా ఓటు దానికే.

అయితే దానికీ ఒక మొండితనం ఉన్నది. కుడిచేతితో వాల్చి పట్టుకున్నప్పుడు, ఎడమ నుండి కుడికి ఏటవాలుగా పైకి లేచే గీత అన్నిటికన్నా లావుగా పడుతుంది. మన తలకట్టు సరిగ్గా ఆ దిక్కుకే లేస్తుంది! మొదటివారం మా అమ్మాయి వ్రాసిన "క", "త" అక్షరాలు నెత్తిన కట్టెలమోపు పెట్టుకున్నట్లు ఉండేవి. పెద్దాయనకు తెలుగు రాదు. అయినా కాగితం చూసి వెంటనే పట్టుకున్నారు. "గీత ముగియకముందే చేయి లేవాలి. విమానం నేల విడిచినట్లు" అని ఆయన చూపించారు. నాలుగైదు రోజులలో తలకట్టు కొస సన్నబడింది. తరువాత ఒక క్రమం కుదిరింది. అక్షరం ఒడలికి కలం వాల్చాలి, తలకట్టు కొసకు లేపాలి, చుక్కకూ క్రింది గీతకూ పూర్తిగా నిలబెట్టాలి. ఒత్తులు నిలబెట్టే వ్రాయాలి, లేకపోతే క్రింది వరుస మీద పడతాయి. సున్న మాత్రం ఎలా వ్రాసినా అందంగానే వస్తుంది.

నేను అనుకోనిది మరొకటి జరిగింది. ఇక్కడి పిల్లలలో చాలామంది తెలుగు అక్షరాన్ని బొమ్మలాగా గీస్తారు. ఎక్కడో మొదలుపెట్టి, ఎలాగో పూర్తి చేస్తారు. బాల్ పెన్ను ఆ సంగతిని దాచిపెడుతుంది. వంపు పాళీ దాచదు. తలక్రిందులుగా మొదలుపెట్టిన అక్షరంలో లావు తప్పుచోట పడి, అక్షరం వంకరగా నిలుస్తుంది. "ఇది ఎక్కడ మొదలవుతుంది నాన్నా?" అని మా అమ్మాయి అడగడం మొదలుపెట్టింది. కొన్ని అక్షరాలకు నేనే పలకా బలపం నాటి చేతిని గుర్తుచేసుకొని సమాధానం చెప్పవలసి వచ్చింది.

మీ పిల్లలకు కొనదలిస్తే కొన్ని మాటలు. అక్షరాలు ఇంకా కుదరని పసివారికి ఇది వద్దు. వారికి పెన్సిలే మేలు. బాల్ పెన్నుకు అలవాటుపడిన చేయి గట్టిగా నొక్కుతుంది. ఈ పాళీని నొక్కితే రెండు రేకులూ విడిపోయి పాడవుతుంది. సిరా ఎక్కువగా దిగుతుంది గనుక పలుచని కాగితం పనికిరాదు, వెనుకవైపుకు ఊరుతుంది. వ్రాసిన వెంటనే చేయి ఆనిస్తే అలుక్కుపోతుంది. ఎడమచేతి వాటం పిల్లలు ఈ విషయంలో మరింత జాగ్రత్తపడాలి. మామూలు సిరా తడి తగిలితే కరుగుతుంది. తడికి చెదరని సిరాలు ఉన్నాయి గాని, అవి కలంలో ఎండితే దారి మూసుకుపోతుంది. నెలకొకసారైనా కడగాలి. మా ఇంట్లో మళ్ళీ ఆదివారం ఉదయం కలం కడుగుతున్నాము.

వంపు పాళీతో వ్రాసిన మొదటి ఉత్తరానికి పుటకు 9 వరుసలే పట్టాయి. అందులో "కథ" అన్న మాటను మా అమ్మాయి పట్టుబట్టి మూడుసార్లు వ్రాసింది. అది చేరిన రోజు అమ్మ ఫోను చేసి, కిటికీ దగ్గర కూర్చొని, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ మొత్తం చదివింది. చాలాసేపు పట్టింది. పిల్ల నడుమ ఒక్క మాట కూడా అందించలేదు. చదవడం ముగించి, కళ్ళజోడు తీసి, అమ్మ ఒక ఫిర్యాదు చేసింది. "పెద్దగా వ్రాశావు, బాగుంది. ఎక్కువగా ఎందుకు వ్రాయలేదే?"

ఈ నెల ఉత్తరం 6 పుటలు. కాగితం మందం గనుక తపాలా బిళ్ళలు అదనంగా అంటించవలసి వచ్చింది.