మెదకు మహామందిర దర్శనము

గోథిక్ అను శిల్పపద్ధతి పండ్రెండవ శతాబ్దమున ఫ్రాన్సు దేశమున పుట్టినది. పారిసు నగరమందు తొమ్మిదవ లూయీ రాజు కట్టించిన ప్రార్థనాలయమునకు 1248లో ప్రతిష్ఠ జరిగెను. మన పాలంపేట రామప్ప గుడి 1213 నాటిది. అక్కడి శిల్పులును మన కాకతీయ శిల్పులును ఇంచుమించు ఒకే కాలమున ఉలి పట్టిరన్నమాట! పారిసు పోవు స్తోమత మా కొడిమ్యాల ఆడుపిల్లలకు ఎక్కడిది? అయినను ఆ పద్ధతి ననుసరించిన చర్చి యొకటి మెదకులో నున్నది. అది ప్రాచీనము కాదు. 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైనది.

మేము పదునలుగురు విద్యార్థినులమును, మా ఉపాధ్యాయినియు కరీంనగరము, సిద్ధిపేటల మీదుగా పోయితిమి. “పరాయి దేవుని గుడికి పిల్లల నెందుకు తోలుకపోతున్నవు బిడ్డా?” అని ఒక అవ్వ అడిగినది. “రాయి మీద రాయి ఎట్ల నిలిచిందో చూసి వస్తమవ్వా” అని మా ఉపాధ్యాయిని బదులు చెప్పగా, అవ్వ మారు మాటాడక సర్వపిండి మూట కట్టి యిచ్చినది.

దూరమునుండియే 175 అడుగుల గంటగోపురము కానవచ్చెను. పాదరక్షలు వెలుపల విడిచి లోనికి పోయితిమి. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. అయిదువేలమంది కూర్చుండ వచ్చును. రామప్పలో నిలువు స్తంభములపై అడ్డముగా దూలములు పరచిరి. ఇచ్చటనో, రెండు చేతుల వ్రేళ్లకొనలు చేర్చి నమస్కరించినట్లు కమానులు మీద మొనదేరి కలిసికొనును. బరువంతయు ఆ వంపు వెంట స్తంభములలోనికి దిగును. అందుచేత గోడకు భారము తగ్గి, పెద్ద కిటికీలకు చోటు దొరకును. ఈ కిటుకు తెలిసిన పిమ్మట మాకు ఆ మందిరమే వేరుగా కానవచ్చెను.

ఇక ఆ కిటికీలు! ఫ్రాంక్ సాలిస్బరీ అను ఆంగ్ల చిత్రకారుడు రచించిన రంగుటద్దములవి. పడమట క్రీస్తు జననము, తూర్పున శిలువ, ఉత్తరమున ఆరోహణము. వెలుపలినుండి చూచిన మసిబారిన పలకలవలె నుండును. లోన నిలిచి చూడగా ఎండ వాటిగుండా దిగి నీలముగను, కెంపుగను వెలుగును. మాలో చిన్నదానికి అచ్చటినుండి కాలు కదలలేదు.

కట్టించినవాడు చార్లెస్ వాకర్ పోస్నెట్ అను మిషనరీ. కరవు రోజులలో ఊరక అన్నము పెట్టుటకంటె పని యిచ్చి కూలి యిచ్చుట మేలని తలచి ఈ నిర్మాణమునకు పూనుకొనెనని చెప్పుదురు. ఆ మాట వినగనే మా ఉత్సాహము కొంత అణగెను. ఆకలిగొన్న తల్లులు చంటిపిల్లలను చెట్టునీడ పరుండబెట్టి ఇచ్చట రాళ్లు మోసియుందురు గదా! పద్ధతి పరదేశపుదైనను చెమట మనవారిదే. “అవ్వకు ఈ సంగతి చెప్పవలె” నని ఒకతె అనెను.

పోదలచిన సోదరీమణులు ఎండ బాగుగ నున్న వేళ పోవలెను. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఆ అద్దములు నల్లనివే. క్రిస్మసునాడు జనసమ్మర్దము మెండు. కాలము మిగిలినచో మెదకు కోటయు సమీపముననే కలదు. మెట్లెక్కు ఓపిక మాత్రము కావలెను.