ఆ గొంతుల్లోని సబర్

రాత్రి భోజనాలయ్యాక ఫోన్‌లో పాత అమెరికన్ పాటలు సన్నగా పెట్టుకోవడం నాకు చాలా ఏళ్లుగా ఆదత్. డిగ్రీ చదువుతున్న మా బేటీకి అవి దాదాల జమానా పాటలు. మా బేగంకి ఇంగ్లీషు అంతగా రాదు. అయినా నాట్ కింగ్ కోల్ గొంతు వినపడితే, దస్తర్‌ఖాన్ మడతపెడుతూనే, "ఈయన మంచిగ పాడతడు, అరవడు" అంటుంది.

ఆ పాటల గురించి ఒక్క మాటలో చెప్పమంటే నేనూ అదే అంటాను. అరవరు. ఎందుకు అరవలేదన్నది మాత్రం పెద్ద కిస్సా. అది మనకు బాగా దగ్గరి కిస్సా కూడా.

ముందే ఒక మాట. గానా బజానా జాయెజా నాజాయెజా అన్న బహస్‌లోకి నేను పోను, అది ఉలమాల పని. కానీ ఇంగ్లీషు ప్రేమ పాట అనగానే మనిళ్లల్లో "తౌబా, బేషరం పాటలు" అనేస్తారు. నేను చెబుతున్నవి 1920ల నుంచి 1950ల దాకా వచ్చినవి. ఎక్కువ భాగం న్యూయార్క్‌లో బ్రాడ్‌వే నాటకాల కోసం, హాలీవుడ్ సినిమాల కోసం రాసినవి. వాటిల్లో ఇంతెజార్ ఉంటుంది, జుదాయి ఉంటుంది, ఇచ్చిన మాట మీద నిలబడటం ఉంటుంది. గజల్ వినే చెవికి అవేవీ కొత్తకావు.

నిజానికి గజల్ వినే పద్ధతిలోనే వాటిని వినాలి. గాలిబ్ కలామ్ ఒకటే. దాన్ని సురయ్యా పాడింది, బేగం అఖ్తర్ పాడింది, మెహదీ హసన్ పాడాడు, జగ్‌జీత్ సింగ్ పాడాడు. ఎవరి గొంతులో వింటే వాళ్లదే అనిపిస్తుంది. ఈ పాటలూ అంతే. రాసేవాళ్లు వేరు, ధున్ కట్టేవాళ్లు వేరు, పాడేవాళ్లు వేరు. ఒక్కో పాటను వందల మంది పాడారు. పాట కట్టే పద్ధతి కూడా దాదాపు ఖాయం. ఎక్కువ పాటల్లో ముప్పై రెండు తాళం గళ్లు, వాటిలో నాలుగు ముక్కలు. మొదటి రెండూ నాలుగోదీ ఒకే ధున్, మూడోది వేరే దారి పడుతుంది. ఆ మూడో ముక్కను వాళ్లు బ్రిడ్జి అంటారు. మనసులో దాచుకున్న అసలు మాట చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. మన ముఖ్‌డా, అంతరా తెలిసినవాళ్లకు ఇది పట్టుకోవడానికి రెండు మూడు పాటలు చాలు.

రాసినవాళ్లలో అర్వింగ్ బెర్లిన్ కథ వినండి. 1888లో రష్యా సామ్రాజ్యంలో ఒక యూదు ఇంట్లో పుట్టాడు. ఐదేళ్లప్పుడు కుటుంబం అమెరికాకు వలస పోయింది. వాళ్ల నాన్న యూదుల ప్రార్థనా మందిరంలో దువాలు పాడేవాడు. ఆయన పోయాక ఈ పిల్లాడు వీధుల్లో పాడి, హోటల్లో పాటలు పాడే వెయిటర్‌గా పనిచేసి బతికాడు. సంగీతం రాయడం, చదవడం చివరిదాకా రాలేదు. పియానో మీద ఎక్కువగా నల్ల మెట్లే వాయించేవాడు. మొదటి షాదీ 1912లో అయింది. కొన్ని నెలలకే ఆ పిల్ల టైఫాయిడ్‌తో చనిపోయింది. ఆ దుఃఖంలోంచి రాసిన పాట అతని మొదటి పెద్ద ప్రేమ గీతం.

చాలా ఏళ్లకు ఎలిన్ మెకే అనే అమ్మాయిని ఇష్టపడ్డాడు. ఆమె కేథలిక్కు, పెద్ద దౌలత్‌మంద్ కూతురు. యూదు మనిషికి పిల్లనిచ్చేది లేదని తండ్రి పట్టుబట్టాడు. 1926 జనవరిలో వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. తండ్రి ఆమెకు ఆస్తిలో హిస్సా లేకుండా చేశాడు. బెర్లిన్ 'ఆల్వేస్' అనే తన పాట హక్కులను దుల్హన్‌కు తోఫాగా రాసిచ్చాడు. ఎల్లకాలం తోడుంటానని చాలా సాదా మాటల్లో చెప్పే పాట అది. ఇక్కడే నాకు ఆ మనిషి మీద ఇజ్జత్ పెరుగుతుంది. 1988లో ఆమె కన్నుమూసేదాకా, అంటే 62 ఏళ్లు, ఇద్దరూ కలిసే ఉన్నారు. మరుసటి ఏడాది 101 ఏళ్ల వయసులో ఆయనా పోయాడు. పాటలో చేసిన వాదాను జిందగీలో నిలబెట్టుకున్నాడు.

ఇక పాడేవాళ్లు. 1925లో కరెంటు మైకుతో రికార్డులు తీయడం మొదలైంది. అంతకుముందు హాలు చివర కూర్చున్నవాడికి వినపడాలంటే గొంతు చించుకోవాలి. మైకు వచ్చాక చెవి దగ్గర గుసగుసగా చెప్పినట్టు పాడొచ్చని తెలిసింది. ఆ మైకు గుణాన్ని బాగా అర్థం చేసుకున్నవాళ్లలో ఫ్రాంక్ సినాట్రా ఒకడు. న్యూజెర్సీలోని హోబోకెన్‌లో 1915లో పుట్టాడు. ఇటలీ నుంచి వలసొచ్చినవాళ్ల బిడ్డ. టామీ డోర్సీ బ్యాండులో పాడుతున్నప్పుడు, డోర్సీ ట్రాంబోన్ ఊదుతూ ఎక్కడ సాన్స్ తీస్తున్నాడో కనిపెట్టి చూసేవాడట. అలా ఊపిరి తెగకుండా రెండు మూడు పంక్తులు ఒకే వాక్యంలా పాడటం నేర్చాడు. అందుకే అతను పాడుతుంటే ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

ఎవా గార్డ్‌నర్‌తో సంసారం చెదిరిపోయిన రోజుల్లో, 1955లో, 'ఇన్ ద వీ స్మాల్ అవర్స్' అనే ఆల్బం తెచ్చాడు. పదహారు పాటలు. అన్నీ నిద్రపట్టని రాత్రివే. వాద్యాలు సమకూర్చింది నెల్సన్ రిడిల్. తెల్లవారుజామున ఇల్లంతా పడుకున్నాక మేలుకుని ఉన్న ఒక్క మనిషి తన్హాయి అది. అతని నడవడిక గురించి చెప్పుకోవడానికి చెడ్డ మాటలు చాలానే ఉన్నాయి. వాటిని నేను కాదనను. ఆ ఆల్బంలో మాత్రం గర్వం దిగిన మనిషి గొంతు వినపడుతుంది.

ఆ సినాట్రా తనకు అందరికంటే పెద్ద ఉస్తాద్ ఎవరో ఒప్పుకున్నాడు: బిల్లీ హాలిడే. ఇద్దరూ ఒకే ఏడాది పుట్టారు. ఆమె నల్లజాతి పిల్ల, గరీబీలో, ఎన్నో జుల్ములు పడి పెరిగింది. మత్తుమందుల కేసులో 1947లో జైలుకెళ్లింది. బయటికొచ్చాక న్యూయార్క్‌లో మద్యం అమ్మే క్లబ్బుల్లో పాడే పర్మిట్ ఆమెకు దక్కలేదు. పాడటమే రోజీ అయిన మనిషికి సొంత ఊళ్లో ఆ తలుపులు మూశారు.

సినాట్రా 1951లో 'ఐ యామ్ ఎ ఫూల్ టు వాంట్ యూ' పాడాడు. ఆ పాట రాసినవాళ్లలో అతని పేరు కూడా ఉంది. తనకు మేలు చేయని మనిషిని మనసు వదలలేకపోవడం దాని సంగతి. 1958లో బిల్లీ అదే పాటను 'లేడీ ఇన్ శాటిన్' ఆల్బంలో పాడింది. అప్పటికి ఆమె గొంతు పాడైపోయింది. బొంగురు, వణుకు, పైకి అందని స్వరాలు. వెనక రే ఎలిస్ సమకూర్చిన వయొలిన్లు పట్టుబట్టలా మెత్తగా పరుచుకుని ఉంటాయి. ఆ పట్టు మీద గరుకు గొంతు. ఎలిస్‌కు మొదట ఆమె పాడింది నచ్చలేదు. తర్వాత మళ్లీ కూర్చుని విన్నప్పుడు, తాను స్వరాలు మాత్రమే విన్నానని, ఆమె దర్ద్ వినలేదని అర్థమైందట. ఆ రెండు రికార్డులూ ఒకదాని తర్వాత ఒకటి వినండి. సినాట్రా దుఃఖం కొత్తది, ఇంకా పచ్చిగా ఉంది. బిల్లీ దుఃఖం ఆమెతోపాటు ముసలిదైంది. 1959 జులైలో ఆమె న్యూయార్క్ ఆసుపత్రిలో చనిపోయింది. మంచం మీద ఉండగానే మళ్లీ అరెస్టు చేశారు. 44 ఏళ్లే ఆమెకు.

ఇప్పుడు మా బేగం అన్న మాట దగ్గరికి వస్తాను. నాట్ కింగ్ కోల్ 1919లో అలబామాలో పుట్టాడు. తండ్రి పాస్టరు. మొదట పియానో వాయించేవాడిగా పేరొచ్చింది, పాట తర్వాత. 'అన్‌ఫర్‌గెటబుల్' 1951లో పాడాడు. మఖ్మల్ గొంతు. ఒక్కో మాటను అత్తరు సీసా మూత తీసినంత జాగ్రత్తగా విప్పుతాడు.

1948లో ఆయన లాస్ ఏంజెలెస్‌లోని హాంకాక్ పార్కులో ఇల్లు కొన్నాడు. అక్కడ నల్లవాళ్లు లేరు. ఇరుగుపొరుగు లాయర్లను పెట్టుకుని మరీ అడ్డుపడ్డారు. అవాంఛిత మనుషులు మా వాడలోకి రావడం మాకిష్టం లేదన్నారు. నాకూ ఇష్టం లేదు, అలాంటివాళ్లు కనపడితే ముందు నేనే ఫిర్యాదు చేస్తానన్నాడట ఆయన. ఆ ఇల్లు వదల్లేదు. 1956 ఏప్రిల్‌లో అలబామాలోనే బర్మింగ్‌హామ్ ఊళ్లో, తెల్లవాళ్లకు మాత్రమే టికెట్లు అమ్మిన ఆటలో పాడుతుండగా కొందరు స్టేజీ ఎక్కి పడగొట్టారు. వేరుపెట్టిన హాళ్లలో ఎందుకు పాడావని నల్లవాళ్లు కూడా నిలదీశారు. ఆ సవాల్‌లో న్యాయముంది. అదే ఏడాది ఆయన నల్లజాతి హక్కుల సంఘం ఎన్.ఏ.ఏ.సి.పి.లో జీవిత సభ్యుడయ్యాడు. నవంబరులో సొంత టీవీ షో మొదలైంది. దేశమంతా చూస్తున్నా, ఖర్చు భరించే జాతీయ కంపెనీ ఒక్కటీ ముందుకు రాలేదు. ఏడాది దాటాక ఆపేశాడు.

ఇది చదివినప్పుడు నాకు మా ఇల్లు వెతుకులాట గుర్తొచ్చింది. హైదరాబాద్‌లో కిరాయికి ఇల్లు కోసం మేమిద్దరం తిరిగిన రోజులు. ఫోన్‌లో అంతా సరే అంటారు. అడ్వాన్సు గురించీ, నీళ్ల గురించీ మాట్లాడుకుంటాం. పేరు చెప్పగానే అటువైపు ఒక చిన్న ఖామోషీ. తర్వాత, "నిన్ననే వేరేవాళ్లకు ఇచ్చేశామండీ." రెండ్రోజుల తర్వాత కూడా గేటుకు టూ-లెట్ బోర్డు అలాగే వేలాడుతుంటుంది. మీలో చాలామందికి ఇది చెప్పక్కర్లేదు.

అలాంటి బేఇజ్జతీ బయటే ఆగిపోదు. మనతోపాటు ఇంటికొస్తుంది. మన మొహల్లాల్లో ఎంతమందిని చూడలేదు! బజారులో, ఆఫీసులో, అంగట్లో మాట పడి, నోరు మెదపలేక వచ్చి, గడప దాటాక గొంతు పెంచే మగవాళ్లను. తగిలిన రాయిని తీసుకొచ్చి బీవీ మీద, పిల్లల మీద వేసేవాళ్లను. జుల్మ్ చేసే అసలు నష్టం అదేనేమో. మొహబ్బత్‌తో మాట్లాడే గొంతును మన దగ్గర్నుంచి గుంజుకుంటుంది.

నాట్ కింగ్ కోల్ ఆ గొంతును ఇవ్వలేదు. ఇల్లు వద్దన్నారు, స్టేజీ మీద కొట్టారు, టీవీలో పైసా ఇవ్వలేదు. అయినా మైకు ముందుకు వస్తే నిన్ను మరవలేనని అంతే మెత్తగా చెప్పాడు. దాన్ని లొంగుబాటు అనుకునేవాళ్లు ఉన్నారు. నాకు సబర్ అనిపిస్తుంది. సబర్ అంటే నోరు మూసుకోవడం కాదని మనకు చిన్నప్పట్నుంచీ చెబుతూ వచ్చారు కదా. ఉన్నచోట కాళ్లు ఊని నిలబడటం అది. 1965లో ఊపిరితిత్తుల కాన్సర్‌తో 45 ఏళ్లకే పోయాడు. 1991లో ఆయన బిడ్డ నాటలీ, నాన్న పాత రికార్డుతో తన గొంతు కలిపి 'అన్‌ఫర్‌గెటబుల్' మళ్లీ పాడింది.

ఎల్లా ఫిట్జెరాల్డ్‌దీ మెత్తని గొంతే, కానీ అందులో ఖుషీ ఎక్కువ. 1934లో, పదిహేడేళ్లప్పుడు, ఇల్లూవాకిలీ సరిగా లేని పిల్ల హార్లెంలోని అపోలో థియేటర్‌లో డాన్సు చేద్దామని వెళ్లి, ఆఖరి నిమిషంలో పాట పాడి గెలిచింది. 1956 నుంచి 1964 దాకా ఒక్కో పెద్ద రచయిత పాటలను ఒక్కో 'సాంగ్ బుక్'గా పాడి పెట్టింది. ఎనిమిది సంపుటాలు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లకు అదొక మంచి దీవాన్.

మనవాళ్లు ఎవరూ లేరా అని అడుగుతారేమో. ఉన్నారు. పిట్స్‌బర్గ్ నుంచి వచ్చిన డకోటా స్టేటన్ 1957లో 'ద లేట్, లేట్ షో' ఆల్బంతో పెద్ద పేరు తెచ్చుకుంది. ఇస్లాం స్వీకరించి కొంతకాలం అలియా రబియా అనే పేరుతో ఉంది. అదే ఊరివాడు అహ్మద్ జమాల్, పియానో వాయించేవాడు, ఇరవై ఏళ్లు దాటుతుండగా ఇస్లాంలోకి వచ్చాడు. 1958లో షికాగోలో రికార్డు చేసిన ఆయన 'బట్ నాట్ ఫర్ మీ' ఆల్బం రెండేళ్లకు పైగా చార్టుల్లో నిలిచింది. ఆ పేరు గెర్ష్విన్ సోదరుల ప్రేమ పాటది. అందులో ఆయన పాడడు, వాయిస్తాడు. స్వరానికీ స్వరానికీ మధ్య ఎంత ఖాళీ వదులుతాడంటే, ఆ ఖాళీలో మనమే పాడుకోవచ్చు. తర్వాత షికాగోలో ఒక క్లబ్బు తెరిచి అల్‌హంబ్రా అని పేరు పెట్టాడు. అందులో షరాబ్ అమ్మనివ్వలేదు.

మనిళ్లల్లో మియాబీవీ మధ్య ప్రేమ మాట నోటితో చెప్పే రివాజు తక్కువ. మా అబ్బా మా అమ్మీని పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. బజారు నుంచి వచ్చేటప్పుడు ఆమెకిష్టమైన పాన్ మాత్రం మర్చిపోయేవాడు కాదు. ఆ పాన్ కూడా ఇజ్‌హారే. కానీ మాటకున్న తాకత్ మాటది. రోజంతా బయట గరుకు మాటలు విన్న చెవికి, ఇంట్లో ఒక మెత్తని మాట వినే హక్ ఉంది.

అంగ్రేజీ రాకపోయినా పర్వాలేదు. ముందు నాట్ కింగ్ కోల్ దగ్గర మొదలుపెట్టండి, తర్వాత ఎల్లా, ఆ తర్వాత సినాట్రా. బిల్లీ హాలిడే ఆఖరి రికార్డులు మాత్రం మనసు కాస్త గట్టిగా ఉన్న రోజున వినండి. వాల్యూం తగ్గించి పెట్టండి. అవి తక్కువ గొంతుతో చెప్పిన మాటలు.