ఇండెంటు వేరు, వ్యాగన్ వేరు



ఈ మధ్య మన గ్రూపులో షేర్ల మాటలు ఎక్కువయ్యాయి. 'ఆపిల్ ఫ్యాక్టరీకి ఆర్డర్లు తగ్గించిందట, అమ్మేయండి' అని ఒకరు పంపితే పది మంది ఫార్వర్డ్ చేస్తున్నారు. మేము తమిళంలో చదువుకుని, రైల్వే గూడ్స్ షెడ్డులో గుమాస్తాగా ఉన్నవాళ్ళం. కంప్యూటర్ కంపెనీ సంగతి మాకెందుకు అనకండి. సరుకు లెక్క ఎక్కడైనా ఒకటే.

షెడ్డులో వ్యాపారి వ్యాగన్లు కావాలని ఇండెంటు రాసిచ్చేవాడు. వ్యాగన్లు దొరకని సీజనులో ఐదు కావలసినవాడు పది రాసేవాడు. ఆ కాగితాలు చూసి సరుకు రెండింతలైంది అనుకుంటే మోసపోతాం. లోడింగు తగ్గినప్పుడూ అంతే. సరుకు లేక తగ్గిందా, వ్యాగన్ రాక తగ్గిందా? రిజిస్టరులో రెండూ ఒకే అంకెగా ఉంటాయి.

ఆపిల్‌కు రెండూ జరిగాయి. 2018 చివర్లో విడిభాగాలు చేసే కొన్ని కంపెనీలు తమకు ఆర్డర్లు తగ్గాయన్నాయి. 2019 జనవరి 2న టిమ్ కుక్ మదుపరులకు ఉత్తరం రాశారు. ఆ మూడు నెలలకు 8,900 నుంచి 9,300 కోట్ల డాలర్ల ఆదాయం అనుకున్నది 8,400 కోట్లే వస్తుందన్నారు. పెద్ద కారణం చైనాలో గిరాకీ తగ్గడం. మరునాడు షేరు దాదాపు 10 శాతం పడింది. ఇది సరుకు లేని కథ.

2022 నవంబరులో చైనాలోని జెంగ్‌జౌ ఫ్యాక్టరీకి కోవిడ్ కట్టుబాట్లు వచ్చాయి. గిరాకీ బాగానే ఉంది, ఫోన్లే తక్కువగా వెళ్తాయి అని కంపెనీ చెప్పింది. ఆ మూడు నెలల ఆదాయం అంతకు ముందు ఏడాది కంటే 5 శాతం తగ్గింది. డాలరు బలపడడం కూడా ఒక కారణం. ఇది వ్యాగన్ రాని కథ. వ్యాగన్ రాకపోతే కొందరు వ్యాపారులు కాచుకుంటారు, కొందరు లారీ పిలుస్తారు. అంతేగాని సరుకు మాయమవదు.

ఒకే విడిభాగం చాలా చోట్ల నుంచి వస్తుంది. అందుకే ఒక్క సప్లయర్ అంకె పట్టుకుని మొత్తం వ్యాపారాన్ని తేల్చలేం. 2013లోనే కుక్ ఈ మాట అన్నారు. 2018 నవంబరులో, ఎన్ని ఫోన్లు, ఎన్ని కంప్యూటర్లు అమ్మామో ఇకపై చెప్పమని కంపెనీ ప్రకటించింది. అసలు అంకె ఆగిన చోట పుకారుకు విలువ పెరుగుతుంది. మనం మూడు నెలలకోసారి వచ్చే ఆదాయం, లాభం, గోడౌనులో నిలవ సరుకు, ఈ మూడూ కలిపి చూడాలి. నిలవ పెరిగి ఆదాయం తగ్గితే అప్పుడు భయపడవచ్చు.

మన సంఘంలో ఒక అక్కకు, బావగారు పోయాక వచ్చిన డబ్బులో కొంత విదేశీ షేర్ల ఫండులో ఉంది. ఆ ఫార్వర్డ్ చూసి మేనల్లుడు అంతా అమ్మేయమన్నాడు. మేము అక్కను ఒక్కటే అడిగాం, 'అమ్మాయి పెళ్ళి ఎప్పుడు?' వచ్చే తై నెల అంది. అయితే పెళ్ళి ఖర్చుకు కావలసినంత ఇప్పుడే తీసి బ్యాంకులో వేయమన్నాం. ఆపిల్ బాగున్నా సరే, బాగులేకపోయినా సరే, ఆరు నెలల్లో కావలసిన డబ్బు షేర్లలో ఉండకూడదు. మిగతాది అమ్మాలా వద్దా అన్నది కంపెనీ లెక్కలు వచ్చాక కూర్చుని చూద్దామన్నాం.

తమ్ముళ్ళూ, ఇలాంటి వార్త పంపేముందు అది ఇండెంటా, వ్యాగనా అని ఒక వాక్యం రాయండి. రాయలేకపోతే పంపకండి. దాన్ని నమ్మి కదిలేది ఎవరి పెళ్ళి డబ్బో మనకు కనబడదు.