ఆటబండి వెల

బెంగుళూరునుండి ధర్మవరమునకు రైలులో బోవువారికి మొదట హిందూపురము, పిదప పెనుకొండ తగులును. ఈ మూడూళ్ళును 2022 ఏప్రిలులో నేర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. హిందూపురము బెల్లమునకును, చింతపండునకును, మిరపకాయలకును పేరొందిన బజారు. అచ్చటి గృహిణి సరుకు వెలనే గాక తరుగును, బండికూలిని గూడ లెక్కించి గాని మూట విప్పదు. సోదరీమణులారా! ఆ లెక్కనే నేటి పిల్లల వేడుక యొకదానికి వర్తింపజేసి చూతము.

1565లో తళ్ళికోట యుద్ధమైన పిమ్మట విజయనగర ప్రభువులకు పెనుకొండ రాజధాని యయ్యెను. వారి గగన్ మహలు నేటికిని నిలిచియున్నది. ఆ యూరి చేరువనే, ఎర్రమంచియొద్ద, 2019లో కియా కార్ల కర్మాగారము వెలసినది. పెద్దలు కొండను జూచి రాజులను దలంతురు. పిల్లలు రహదారిని బోవు క్రొత్తకార్లను జూచి మురియుదురు. అట్టి బిడ్డ, దూరమునుండి రేడియోచే నడపి పందెములాడు చిన్నకారు కావలెనని కోరినచో తల్లి యేమనవలెను?

ఈ కార్లు రెండు తెగలు. బజారు బొమ్మ వేయి రెండువేలకు దొరకును గాని, ఒక పండ్లచక్ర మరిగినచో మూల బడవలసినదే. పందెపుకారు సాధారణముగ పదివేలకు మించును. దాని ప్రతిభాగమును విడిగ కొని మార్చుకొనవచ్చును. వ్యయ మంతటితో దీరదు. ఒక బ్యాటరీ చాలవరకు పావుగంట, ఇరువది నిమిషములు మాత్రమే నడపును. కనుక రెండవది కావలెను. లిథియం బ్యాటరీకి దాని అరలను సమముగ నింపు ప్రత్యేకమైన ఛార్జరు వలయును. అది నిండుచుండగా విడిచిపోరాదు, ఉబ్బినదానిని వాడనేరాదు. టైర్లరుగును, ఇరుసులు వంగును. విదేశపు బొమ్మలపై దిగుమతి సుంకము 2020లో నూటికి 20నుండి 60కిని, 2023లో 70కిని హెచ్చింపబడెను. ఆ భారమును కొనువారిమీదనే పడినది.

ధర్మవరపు నేతయింటి యిల్లాలికి ఈ పాఠము క్రొత్తది కాదు. మగ్గము కొన్నంతమాత్రమున చీర దిగునా? పట్టు, జరీ, అద్దకము, జాకార్డు అట్టలు, కండెలు చుట్టు చేతులు, ఇవన్నియు గూడిననే గదా అంచు మెరయుట! ఆ యింట పదివేలన్న బియ్యము, బడిరుసుము, అప్పుపై వడ్డీ కన్నులకు గట్టును.

అట్లని బిడ్డ కోరికను వెక్కిరింపరాదు. ఇరుగుపొరుగు రెండు మూడిండ్లవారు కలసి ఒక్క కారు కొనవచ్చును. విడిభాగములు దొరకు రకమునే యెన్నుకొని, ఒక బ్యాటరీతోడను మంచి ఛార్జరుతోడను మొదలిడి, మరమ్మతులకు కొంత సొమ్ము వేరుగ దాచవలెను. రహదారికి దూరముగ నున్న ఖాళీకళ్ళమే పందెపు బయలు. దానికి రుసుము లేదు. కొనుటకు ముందే ఈ పద్దును బాలుడైనను బాలికయైనను తన చేతనే వ్రాయింపుడు. క్రియాశక్తి ఒడయరు తన తల్లి ధర్మాంబ పేర ధర్మవరమును వెలయించెనని చెప్పుదురు. మన బిడ్డలు ఊళ్ళు గట్టకపోయినను, వేడుకకును వెల యుండునని తల్లివద్ద నేర్చిన నదియే చాలును.