చెరువుకి డీఏపీ ఎవరు వేస్తున్నారు?

రైతు ఇంట పుట్టినవాళ్లకి డీఏపీ బస్తా విలువ చెప్పక్కర్లేదు. బస్తా మీద 18-46 అని ఉంటుంది. మొదటిది నత్రజని లెక్క, రెండోది భాస్వరం లెక్క. పైరుకి ఆ రెండూ ప్రాణం. అవే రెండూ మన మరుగుదొడ్లు, వంటగదుల నీళ్లలో కలిసి రోజూ చెరువులోకి పోతున్నాయని, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పనులు నెత్తినేసుకున్నాక నాకు బాగా తెలిసొచ్చింది. చెరువులో మనం పంట వేయలేదు కదా! ఆ బలమంతా తినేది నాచూ, గుర్రపుడెక్కా. నాచు చచ్చి కుళ్లేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్‌ని లాగేసుకుంటుంది. చేపలు తేలిపోతాయి.

మా సెల్లార్‌లో ఎస్టీపీ ఉంది. శుద్ధయిన నీళ్లు కొన్ని మొక్కలకి, ఫ్లష్‌లకి వాడతాం. మిగిలినవి కాలువలో పడి పక్క చెరువుకి చేరతాయి. పోయిన నెల మీటింగులో ఒకాయన, "రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బ్లోయర్లు ఆపేద్దామండీ, కరెంటు బిల్లు తగ్గుతుంది. నీళ్లు తేటగానే వస్తున్నాయి కదా!" అంటూ గాజు సీసా పైకెత్తి చూపించారు. చాలామంది తలలూపారు.

చిక్కంతా ఆ తేటలోనే ఉంది. పంచదార కలిపిన నీళ్లు మాత్రం తేటగా ఉండవూ? కరిగిన నత్రజని, భాస్వరం కూడా అంతే.

మా ఎస్టీపీ చూసే శ్రీకాకుళం కుర్రాడిని పిలిచి అందరికీ చెప్పమన్నాను. "సార్, ట్యాంకులో ఉన్నది ఉత్త బురద కాదండి, కోట్ల కొద్దీ బ్యాక్టీరియా. ఒక రకం గాలి పీల్చుకుని అమ్మోనియాని నైట్రేట్ చేస్తాయి. అవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి, గాలి ఆగితే ముందు దెబ్బ వాటికే. ఆ నైట్రేట్ నీళ్లని గాలి లేని ట్యాంకుకి వెనక్కి పంపుతాం. అక్కడ ఇంకో రకం, ఆక్సిజన్ దొరక్క నైట్రేట్‌నే పీలుస్తాయి. నత్రజని వాయువై పైకి పోతుంది" అన్నాడు. మనం పీల్చే గాలిలో 78 శాతం నత్రజనే కాబట్టి దాంతో హాని లేదు.

భాస్వరం కథ వేరు. అది వాయువై ఎగిరిపోదు. 1970ల మొదట్లో దక్షిణాఫ్రికాలో జేమ్స్ బర్నార్డ్ అనే ఇంజినీరు నత్రజని తీసే ప్రయోగాలు చేస్తుంటే భాస్వరం కూడా తగ్గిపోవడం కనిపించింది. కొన్ని బ్యాక్టీరియాని ముందు గాలీ నైట్రేటూ లేనిచోట ఉంచితే, దాచుకున్న భాస్వరాన్ని ఖర్చుపెట్టి ఆహారం సంపాదించుకుంటాయి. తర్వాత గాలి తగలగానే, కరువు చూసినవాడు గాదె నింపుకున్నట్టు, వదిలినదానికంటే ఎక్కువ భాస్వరం మింగేస్తాయి. ఆ పనికి 2011లో ఆయనకి సింగపూర్ లీ క్వాన్ యూ వాటర్ ప్రైజ్ ఇచ్చింది.

మింగిన భాస్వరం బురదలో ఉంటుంది. ఆ బురదని ఎప్పటికప్పుడు తీసేయాలి. గాలి లేకుండా రాత్రంతా అలాగే పడి ఉంటే, మింగిందంతా మళ్లీ నీళ్లలోకి కక్కేస్తాయి. అంటే బ్లోయర్ ఆపి మిగిల్చిన డబ్బుకి బదులుగా చెరువుకి ఎరువు వేస్తామన్నమాట.

మీటింగులో వాదన గట్టిగానే సాగింది. "చెరువు మనదా?" అని కూడా అడిగారొకరు. "బోరు మనదే కదండీ, దానికి ఊట ఎక్కణ్నుంచి వస్తుంది?" అన్నారు మూడో అంతస్తు అత్తయ్యగారు. ఆ మాటతో గది సద్దుమణిగింది. చివరికి బ్లోయర్లు ఆపకూడదని తేల్చాం. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచి, కావలసినంత గాలే పంపే ఏర్పాటు పెట్టిస్తున్నాం. కరెంటు ఆదా అక్కడ చేయొచ్చు. నెలనెలా చేయించే ల్యాబ్ పరీక్షలో అమ్మోనియా, నైట్రేట్, ఫాస్ఫేట్ కూడా చేర్చాం.

మొదటి రిపోర్టు వచ్చే వారం వస్తుంది. మీ అపార్ట్‌మెంట్ రిపోర్టులో ఆ మూడు గళ్లూ ఉన్నాయో లేదో ఒకసారి అడిగి చూడండి.